ట్యులిప్ గడ్డ కథ



మన హొసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో పూల సేద్యం ఎవరికీ కొత్త కాదు. తెల్లవారుజామున బాగలూరు దారిలో నిలబడితే గులాబీ కట్టలతో, చామంతి మూటలతో బెంగుళూరుకు పరుగెత్తే వ్యాన్లు కనిపిస్తాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడుకునే మనకు పువ్వు పేరు మూడు భాషల్లోనూ తెలుసు. దాని ధర అంతకంటే బాగా తెలుసు.

మా పక్క ఊళ్లో ఒక రైతు ఉన్నాడు. నేను ఆయనను అన్నా అని పిలుస్తాను. ఆయన కొడుకు మా బడిలో చదివినవాడే. ఒకనాడు ఆయన ఒక మట్టిచట్టి పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అందులో బూడిద, ఆ బూడిదలో వేలి కొనంత చిన్న గడ్డలు ఏడెనిమిది.

“మేష్ట్రూ, ఇవి ట్యులిప్ గడ్డలు. బెంగుళూరులో ఒక వ్యాపారి ఇచ్చినాడు. పోయిన సంవత్సరం పది నాటితే ఆరు పూసినాయి. గులాబీ రంగు పువ్వులు. కాడ జానెడు కూడా లేదు గాని, పువ్వు మాత్రం చూడముచ్చటగా ఉండింది. గడ్డలు తీసి, ఎర్రగడ్డ విత్తనం దాచినట్టు బూడిదలో దాచినాను. ఈ సంవత్సరం మళ్లీ నాటితే ఒక్కొక్క ఆకు వచ్చి ఎండిపోయింది. ఈ గడ్డ మోసం చేసింది గదా?” అన్నాడు.

విషయం అంతటితో ఆగలేదు. ఆయన అర ఎకరం గులాబీ తోట తీసేసి, బ్యాంకులో అప్పు తెచ్చి, ట్యులిప్ వేయాలనే ఆలోచనలో ఉన్నాడు. అప్పటికే రెండుసార్లు బ్యాంకుకు వెళ్లి వచ్చాడట. “చదువుకున్నవాళ్లు, చూసి చెప్పండి” అన్నాడు. నేను పాఠాలు చెప్పేవాడినే గాని వ్యవసాయ శాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా ఆ మాట నన్ను పట్టుకుంది. నెల రోజులు ఆ పువ్వు చరిత్ర చదివాను. చదివినకొద్దీ ఒక సంగతి తేటపడింది. నాలుగున్నర శతాబ్దాలుగా లోకం ట్యులిప్ పువ్వును చూసి మురిసిపోయింది. కాని లాభమైనా, నష్టమైనా, ఆకలి తీరడమైనా అన్నీ గడ్డలోనే జరిగాయి. ఈనాటి నా ప్రసంగం ఆ గడ్డ గురించే.

ట్యులిప్ అనగానే మనకు హాలండు గుర్తుకు వస్తుంది. నిజానికి ఆ పువ్వు పుట్టిల్లు హాలండు కాదు. మధ్య ఆసియాలోని తియాన్‌షాన్, పామీర్ పర్వతాల చుట్టుపక్కల కొండవాలుల్లో అది అడవి పువ్వు. అక్కడ చలికాలంలో నెలల తరబడి మంచు కప్పుకొని ఉంటుంది. వసంతం కొద్దివారాలే. ఆ తరువాత నీటిచుక్క లేని ఎండాకాలం. అటువంటి చోట బతకడానికి ఆ మొక్క ఒక ఉపాయం నేర్చుకుంది. మంచు కరగగానే గబగబా ఆకు వేసి, పువ్వు పూసి, తిండిని గడ్డలో దాచుకొని, ఎండ ముదరకముందే నేలకింద నిద్రపోతుంది.

ఇక్కడ రెండు సంగతులు గుర్తు పెట్టుకోవాలి. మొదటిది, వచ్చే ఏడాది పూయవలసిన పువ్వు ఎండాకాలంలోనే, గడ్డ లోపలే, చిన్న మొగ్గగా తయారవుతుంది. కాని ఆ మొగ్గకు కాడ సాగి పైకి రావాలంటే చలి తగలాలి. ఒకటి రెండు రాత్రుల చలి కాదు, పన్నెండు నుంచి పదహారు వారాల చలి. రెండవది, నాటిన తల్లిగడ్డ ఆ ఏడాదితో కరిగిపోతుంది. దాని స్థానంలో పిల్లగడ్డలు పుడతాయి. పువ్వు రాలిన తరువాత చల్లని వాతావరణంలో ఆకు కొన్ని వారాలు పచ్చగా నిలిస్తేనే ఆ పిల్లలు బలుస్తాయి. ఆకు తొందరగా ఎండితే పిల్లగడ్డ వేలి కొనంతే ఉంటుంది. మరుసటి ఏడు ఆకు ఒక్కటే వస్తుంది. మా రైతన్న చట్టిలో ఉన్నవి అవే. ఆయన దాచడంలో తప్పు లేదు. ఆయన దాచినవి పిల్లలు, తల్లి ఎప్పుడో కరిగిపోయింది.

ఈ అడవి పువ్వును ఆదరించి తోటలోకి తెచ్చినవారిలో పారశీకులు, తురుష్కులు ముఖ్యులు. వారు దీన్ని లాలే అంటారు. అరబ్బీ లిపిలో ఆ మాటకు పట్టే అక్షరాలే అల్లా అనే మాటకూ పడతాయి. అందువల్ల ఆ పువ్వుకు అక్కడ ఒక పవిత్రత కూడా ఏర్పడింది. 1520 నుంచి 1566 వరకు పాలించిన సుల్తాను సులేమాన్ కాలంలో ఇస్తాంబుల్ తోటల్లోనూ, పింగాణీ పలకలపైనా, పట్టువస్త్రాలపైనా ట్యులిప్ కనిపిస్తుంది. ట్యులిప్ అనే ఐరోపా పేరు తలపాగాకు వాడే మాట నుంచి వచ్చిందంటారు. మొగ్గను చూస్తే చుట్టిన తలపాగా లాగే ఉంటుంది మరి.

తరువాత మూడవ అహ్మద్ సుల్తాను కాలంలో, 1718 నుంచి 1730 దాకా నడిచిన రోజులను తుర్కీ చరిత్రకారులు ట్యులిప్ యుగమనే పిలుస్తారు. సూది మొనలవంటి రేకులున్న పువ్వులంటే అప్పటి ప్రభువులకు ప్రాణం. గడ్డల ధరలు అదుపు తప్పుతుంటే ప్రభుత్వమే ధరల పట్టిక విధించవలసి వచ్చింది. చివరకు 1730లో పత్రోనా హలీల్ అనేవాని నాయకత్వంలో తిరుగుబాటు లేచి సుల్తాను గద్దె దిగాడు. దానికి యుద్ధాలు, పన్నులు ఇలా కారణాలు చాలా ఉన్నాయి. అయితే సామాన్యులు ఇబ్బంది పడుతున్న రోజుల్లో తోటల్లో సాగిన విలాసాలు కూడా జనం కోపానికి ఆజ్యం పోశాయి.

ఇక ఈ పువ్వు ఐరోపా చేరిన సంగతి చూద్దాం. 1559లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో ఒక తోటలో ట్యులిప్ పూయగా చూశానని కొన్రాడ్ గెస్నర్ అనే శాస్త్రజ్ఞుడు రాశాడు. 1562లో ఆంట్‌వెర్ప్ రేవుకు కాన్‌స్టాంటినోపుల్ నుంచి బట్టల మూటలతోపాటు కొన్ని గడ్డలు వచ్చాయి. ఆ వర్తకుడు అవి ఎర్రగడ్డలే అనుకొని, కొన్నింటిని నిప్పుల మీద కాల్చి నూనె వేసుకొని తిన్నాడట. మిగిలినవి పెరట్లో కోసుగడ్డల పక్కన పాతాడు. అందులో బతికిన వాటిని తెలిసినవారు వచ్చి కాపాడారని చెబుతారు. ఈ కథను మనకు అందించినవాడు క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు.

ఈ క్లూసియస్ పేరు గుర్తుంచుకోదగినది. ఆయన 1593లో హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి తోటలో ట్యులిప్ గడ్డలు నాటించాడు. 1594 వసంతంలో అవి పూశాయి. ఆయన వాటిని చదువుకోసం పెంచాడే గాని అమ్మకానికి కాదు. అడిగినా ఇవ్వడనో, అడగడం ఎందుకనో గాని, దొంగలు రాత్రివేళ వచ్చి గడ్డలు తవ్వుకొని పోయారు. హాలండు ట్యులిప్ వ్యాపారానికి ఆ దొంగగడ్డలూ కొంత పెట్టుబడి అయ్యాయని చెప్పుకుంటారు. పువ్వు కోసుకొని పోయే దొంగ మనకూ ఉన్నాడు. కాని గడ్డ తవ్వుకొని పోయిన దొంగకు అసలు విలువ ఎక్కడుందో తెలుసు.

హాలండులో ఆ గడ్డ ఎందుకు నిలిచింది? హార్లెం, లైడెన్ నగరాల మధ్య సముద్రపు ఒడ్డున ఇసుకమన్ను నేలలున్నాయి. నీరు నిలవదు, కాలువలతో తేమను అదుపులో పెట్టుకోవచ్చు. చలికాలం దీర్ఘం, వసంతం చల్లగా నిదానంగా సాగుతుంది. పిల్లగడ్డ బలవడానికి కావలసింది అదే. కొండల మీది పువ్వు సముద్రమట్టానికి వచ్చినా, దానికి కావలసిన చలి అక్కడ దొరికింది.

శ్రోతలలో కొందరు ట్యులిప్ పిచ్చి అనే మాట విని ఉంటారు. ఆ రోజుల్లో అందరూ కోరింది ఒకే రంగు పువ్వును కాదు. తెల్లని రేకుపై ఎరుపు, గులాబీ, ఊదా చారలు మంటల్లా పాకిన పువ్వును కోరారు. తెలుపు మీద ఎరుపు లేక గులాబీ చారలున్న వాటిని రోజెన్ అని ఒక తరగతిగా పిలిచేవారు. సెంపర్ అగస్టస్ అనే చారల ట్యులిప్ గడ్డ ఒక్కదానికి 1637లో 10,000 గిల్డర్లు పలికిందని చెబుతారు. ఆ కాలంలో పనితనం తెలిసిన వడ్రంగికి ఏడాదంతా పనిచేస్తే సుమారు 300 గిల్డర్లు వచ్చేవి. లెక్క మీరే వేసుకోండి.

అసలు తమాషా ఏమిటంటే, ఈ వ్యాపారం ఎక్కువగా జరిగింది 1636-37 చలికాలంలో. అప్పుడు గడ్డ భూమిలో ఉంటుంది. కొనేవాడూ చూడడు, అమ్మేవాడూ చూపించడు. వేసవిలో గడ్డ తవ్వినప్పుడు ఇస్తానని ఒకరు, అప్పుడు డబ్బిస్తానని మరొకరు సారాయి అంగళ్లలో కూర్చొని కాగితాలు రాసుకొనేవారు. ఆ కాగితమే చేతులు మారేది. డచ్చివారే దానికి గాలి వ్యాపారమని పేరు పెట్టారు. 1637 ఫిబ్రవరి మొదటి వారంలో హార్లెంలో ఒక వేలంలో కొనేవాళ్లు ముందుకు రాలేదు. ఆ వార్త పాకి ధరలు ఒక్కసారిగా కూలిపోయాయి. అదే వారంలో, ఫిబ్రవరి 5న ఆల్క్‌మార్ పట్టణంలో, తండ్రి చనిపోయిన ఏడుగురు పిల్లల కోసం ఆయన వదలిపోయిన గడ్డలను వేలం వేస్తే 90,000 గిల్డర్ల పాట వచ్చింది. ఒకచోట ఆకాశానికి ఎక్కుతూ ఉండగానే మరొకచోట నేలకూలింది.

ఈ పిచ్చి వల్ల దేశమంతా దివాలా తీసిందని, జనం కాలువల్లో దూకారని చాలా పుస్తకాల్లో ఉంది. 1841లో చార్లెస్ మాకే అనే స్కాట్లండు రచయిత రాసిన పుస్తకం వల్ల ఆ కథ లోకమంతా పాకింది. కాని ఆన్ గోల్డ్‌గార్ అనే చరిత్రకారిణి నాటి కోర్టు కాగితాలు, నోటరీ పత్రాలు తిరగేసి 2007లో ఒక పుస్తకం వెలువరించింది. నష్టపోయినవారు ఉన్నారు, కాని చాలామంది ఉన్నవాళ్లే, దేశం కూలిపోలేదు అని ఆమె తేల్చింది. ఎక్కువగా చెడింది డబ్బు కన్నా మాట. ఇస్తానన్నవాడు ఇవ్వలేదు, కొంటానన్నవాడు కొనలేదు. నమ్మకం పోయింది. నాకైతే ఈ రెండవ కథే ఎక్కువ బరువైనదిగా తోచింది.

మరి ఆ చారలు ఎక్కడివి? ఎవరికీ తెలియదు. ఒక ఏడు ఒకే రంగు పూసిన గడ్డ మరో ఏడు చారలు పూసేది. చారలు రావాలని రకరకాల మందులు కలిపి మన్నులో పోసిన తోటమాలులూ ఉన్నారు. 1928లో ఇంగ్లండులో డొరొతీ కేలీ అనే శాస్త్రజ్ఞురాలు గడ్డకు గడ్డ అంటుకట్టి చూసి, చారలు అంటుకొనే జబ్బు అని నిరూపించింది. అది వైరస్. దాన్ని మోసుకొని తిరిగేది మన చిక్కుడు, వంగ మొక్కలను పీడించే పేనుబంక వంటి పురుగే. జబ్బుపడిన గడ్డ నీరసించి, పిల్లలను తక్కువగా పెడుతుంది. అందుకే చారల రకాలు అరుదైనాయి, అరుదైనందుకే ధర పెరిగింది. అంటే లోకం అంత ఖరీదు పెట్టి కొన్నది ఒక రోగాన్ని.

ఇప్పుడు మన రైతన్న మనసు దోచిన గులాబీ రంగు సంగతికి వద్దాం. చారలు లేని, నిండు రంగు, పొడుగు కాడ ఉన్న ట్యులిప్‌లకు గొప్పతనం వచ్చింది 1889లో. హార్లెం నగరపు క్రెలాగ్ సంస్థ, ఫ్రాన్సులోని లీల్ ప్రాంతం నుంచి కొన్న ఒక సేకరణను పెంచి, ఆ ఏడు పారిస్ ప్రదర్శనలో చూపింది. వాటికి డార్విన్ శాస్త్రజ్ఞుని పేరు పెట్టారు. అందులోదే క్లారా బట్ అనే గులాబీ రంగు పువ్వు. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాల్లో ఐరోపా తోటల్లో అది విరివిగా కనిపించేది. తరువాత 1959లో ఏంజెలీక్ అనే ముద్దపువ్వు, 1979లో పింక్ ఇంప్రెషన్ అనే పెద్దపువ్వు వచ్చాయి. కాడ పొడుగయినకొద్దీ తోటలో పువ్వు కోతపువ్వయింది.

కాని కోతపువ్వు వ్యాపారానికి రంగు, కాడ చాలవు. ధర ఉన్న రోజుకు పువ్వు రావాలి. ఆ తాళంచెవి 1920ల నుంచి హాలండులోని వాగనింగెన్‌లో బ్లావ్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు చేసిన పరిశోధనల్లో దొరికింది. గడ్డలను కోసి చూసి, లోపల మొగ్గ ఏ నెలలో ఏ స్థితిలో ఉంటుందో, దానికి ఎన్ని డిగ్రీల వేడి, ఎన్ని డిగ్రీల చలి కావాలో వారు లెక్క కట్టారు. ప్రకృతి ఇచ్చే చలిని గదిలో ఇవ్వవచ్చని తేలింది. ఈనాటికీ అక్కడి పూల రైతులు 5 డిగ్రీల ట్యులిప్, 9 డిగ్రీల ట్యులిప్ అని చలిని బట్టే గడ్డలకు పేరు పెట్టుకుంటారు. చలిగదిలో నిద్ర ముగించుకున్న గడ్డను గాజుగృహంలోకి మారిస్తే మూడు నాలుగు వారాల్లో పువ్వు చేతికొస్తుంది.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. 1944-45 చలికాలాన్ని డచ్చివారు ఆకలి చలికాలం అంటారు. జర్మన్ సైన్యాల చేతిలో ఉన్న పడమటి నగరాలకు ఆహారం రవాణా ఆగిపోయింది. సుమారు 20,000 మంది చనిపోయారు. అప్పుడు కొట్లలో మిగిలి ఉన్న ట్యులిప్ గడ్డలు జనం ఆకలికి అక్కరకొచ్చాయి. ఏ భాగం తినకూడదో, నడుమనున్న పచ్చని మొలకను ఎలా తీసేయాలో, ఎలా ఉడకబెట్టాలో వైద్యులే చెప్పవలసి వచ్చింది. ఒకప్పుడు ఇల్లు అమ్మినా చేతికి రాని గడ్డ, ఒక తల్లి పిల్లలకు కాచిపోసే జావ అయింది. శ్రోతలారా, ఈ మాట విని ఎవరూ ఆ గడ్డను రుచి చూడవద్దు. అందులో విషగుణం ఉంది. అది గతిలేని రోజుల తిండి.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. హాలండు ఫోటోలలో మనం చూసే రంగురంగుల పొలాలు పువ్వుల కోసం వేసినవి కావు. అవి గడ్డల పొలాలు. పువ్వు విచ్చిన కొద్దిరోజులకే యంత్రంతో తలలు కోసి పారేస్తారు, బలమంతా గడ్డకు పోవాలని. పువ్వు అమ్మే రైతు వేరు. అతను చలిగదిలో పెట్టిన గడ్డను గాజుగృహంలో పూయించి, కాడ పొడుగు తగ్గకుండా గడ్డతో సహా పెరికి, పువ్వు అమ్మి, గడ్డను పారేస్తాడు. గడ్డ కావాలన్నవాడు పువ్వును పారేస్తాడు. పువ్వు కావాలన్నవాడు గడ్డను పారేస్తాడు. రెండూ ఒకే చేతికి దక్కవు.

మన దేశంలోనూ ఇదే నడుస్తున్నది. శ్రీనగర్‌లో దాల్ సరస్సు దగ్గర జబర్వాన్ కొండల పాదంలో 2007లో పెద్ద ట్యులిప్ తోట వెలిసింది. అక్కడ మంచు పడే చలికాలం ఉంది. అయినా హాలండు నుంచి గడ్డలు తెప్పిస్తూనే ఉన్నారు. ఢిల్లీ వీధుల్లో ఈమధ్య కొన్నేళ్లుగా చలికాలంలో ట్యులిప్‌లు పూయిస్తున్నారు. అవీ చాలావరకు దిగుమతి గడ్డలే, చలిగదిలో సిద్ధమై వచ్చినవే.

నేను ఇదంతా మా రైతన్నకు ఒక సాయంత్రం చెప్పాను. మన హొసూరు చలి మనకు గొప్ప. డిసెంబరులో కంబళి కప్పుకుంటాం. కాని పగలు 25 డిగ్రీలు దాటే ఎండ ఆ గడ్డకు చలికాలమే కాదు. కాబట్టి ప్రతి ఏడూ గడ్డ కొనాలి, చలిగది అద్దె కట్టాలి, చల్లని షెడ్డు వేయాలి. పువ్వు అమ్మిన తరువాత చేతిలో మిగిలేది కుండీ ఒక్కటే. ఇవన్నీ పెట్టుకోగల సంస్థలు చేస్తే చేయవచ్చు. అప్పు తెచ్చిన అర ఎకరం రైతు చేయగూడదని నేను అనను. కాని లెక్క మాత్రం పువ్వు ధరతో మొదలుపెట్టకూడదు, గడ్డ ధరతో మొదలుపెట్టాలి.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “అయితే మా సుగంధరాజ మేలు మేష్ట్రూ. ఒక్కసారి గడ్డ నాటితే మూడేళ్లు పూస్తుంది. తవ్వితే పక్కింటికి ఇచ్చేంత గడ్డ మిగులుతుంది” అన్నాడు. సుగంధరాజ అంటే నేలసంపెంగ. నెల రోజులు పుస్తకాలు చదివి నేను చెప్పాలనుకున్నది ఆయన రెండు మాటల్లో చెప్పేశాడు. గులాబీ తోట తీయలేదు. బ్యాంకుకు మూడోసారి పోలేదు.

ముచ్చటకోసం ఇంట్లో నాలుగు గులాబీ రంగు ట్యులిప్‌లు పూయించుకోవాలనేవారికి ఒక మాట. చలి ఇచ్చి అమ్మే గడ్డలు కొనండి. చలి ఇవ్వని గడ్డలైతే కాగితపు సంచిలో వేసి, ఫ్రిజ్‌లో మంచుగడ్డ కట్టని చోట పన్నెండు నుంచి పదహారు వారాలు ఉంచండి. దగ్గర ఆపిల్ వంటి పండ్లు పెట్టవద్దు. వాటి నుంచి వచ్చే వాయువు లోపలి మొగ్గను చంపుతుంది. పిల్లలకు అందకుండా చూడండి. డిసెంబరు చివర నీరు నిలవని కుండీలో నాటి, మధ్యాహ్నపు ఎండ తగలని చల్లని చోట పెట్టండి. మొగ్గకు రంగు తిరగగానే కోసి నీళ్లలో ఉంచితే కాడ ఇంకా కొంచెం సాగుతుంది, వెలుతురు వైపు వంగుతుంది. ఒకసారి చూసి ఆనందించండి. రెండోసారి ఆశపెట్టుకోవద్దు.

మా రైతన్న ఆ చట్టిలోని గడ్డలను పారేయలేదు. మనవరాలు అడిగిందని ఒకటి మా బడికి పంపాడు. దాన్ని నిలువునా కోసి, పొరలెలా ఉన్నాయో తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించాను. “పువ్వు ఎక్కడ సార్?” అని ఒక పిల్ల అడిగింది. ఇందులో తయారు కాలేదమ్మా, తయారయ్యేంతగా గడ్డ బలవడానికి దీని ఊరి చలి కావాలి అని చెప్పాను.